ఉప్పు లెక్క

ఆఖరి ట్రిప్పు విమానం లగూన్‌లో దిగి
తెప్పల్లాంటి కాళ్లు ఈడ్చుకుంటూ జెట్టీని తాకగానే
కుడబే గొట్టం భుజాన వేసుకుని వస్తాడు.
ఉప్పు తిన్నాక నీళ్లు తాగాల్సిందే.
రెక్కల కింద, రివెట్ల వరసల్లో, స్ట్రట్ మడమ దగ్గర
మంచినీళ్లు కొడతాడు,
బడికి వెళ్లే పిల్లాణ్ణి రుద్దినట్టు, చెవుల వెనక కూడా వదలకుండా.

నేను నాషిదాని. చేతిలో టార్చి, జేబులో భూతద్దం.
లోహం ఎక్కడ అలిసిందో వెతకడం నా ఉద్యోగం.
అలసటంటే నిద్రపోతే తీరేదనుకుంటుంది మా అమ్మ.
దీనికి నిద్ర లేదు.
దిగితే ఒకటి, ఎగిరితే ఒకటి,
అలని గుద్దుకుంటే అదీ ఒకటి.
ఏదీ మరిచిపోదు.

ఈ స్ట్రట్‌కి ఒక తోబుట్టువు ఉంది, కెనడాలో, చలి సరస్సు మీద.
ఒకే దిమ్మె నుంచి తీశారు, నంబర్లు పక్కపక్కనే.
అది ఇరవై రెండు వేలసార్లు దిగింది. గీత కూడా పడలేదని కాగితం వచ్చింది.
మాది తొమ్మిది వేలు దాటలేదు.
బరువు అదే. దెబ్బ అదే.
గాలి వేరు.

శిక్షణకి సింగపూర్ పంపినప్పుడు చూశాను.
గాజు గదిలోంచి గాలంతా తోడేసి
చిన్న అల్యూమినియం ముక్కని లాగి వదులుతున్నారు,
లాగి వదులుతున్నారు.
పగులు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది.
మూసుకున్నప్పుడల్లా ఆ రెండు పెదాలూ
కాస్త అతుక్కోబోతాయట,
మధ్యలో ఎవరూ రాకపోతే.
అప్పుడు తడిగాలి వదిలారు, ఒక్క చిటికెడు.
అంతవరకూ పాకుతున్న గ్రాఫు గీత లేచి నిలబడింది.

తెరుచుకున్న ఆ క్షణంలో తేమ దూరుతుంది,
కొత్తగా బయటపడ్డ లోహం మీద పొర కడుతుంది,
నీటిని విరిచి హైడ్రోజన్‌ని పగులు మొనలోకి నెడుతుంది.
అక్కడ పరమాణువులు పట్టుకున్న చేతులు వదిలేస్తాయి.
మెల్లగా ఊగితే ఇంకా చేటు:
సముద్రానికి తీరిక దొరుకుతుంది.

మొన్న వానాకాలం ఉప్పు తీసే యంత్రం చెడింది.
పదకొండు రోజులు.
ఉన్న నీళ్లన్నీ రిసార్టు అతిథుల స్నానాలకి.
కుడబే రాత్రి వాన పట్టిన బకెట్లలో గుడ్డ ముంచి తుడిచాడు,
చెయ్యి చేరినంత మేర.

ఆ పదకొండు రోజులే చేశాయని అనను.
ఉప్పు ఏ ఒక్కరోజు వడ్డీనో అడగదు.
ఎర్ర రంగు పూశాను, తుడిచాను, తెల్లపొడి చల్లి పది నిమిషాలు ఆగాను.
తెలుపులోంచి ఎరుపు మెల్లగా ఊరింది,
కనురెప్ప వెంట్రుకంత.

"ఇంతేనా?" అన్నాడు మేనేజర్ షియామ్. "శుక్రవారం దాకా సీట్లన్నీ అమ్మేశాం."
నేను ఎర్ర చీటీ కట్టాను.
అతను కట్టిన ముడినే చూస్తూ కాసేపు నిలబడి
ఫోన్లు చెయ్యడానికి వెళ్లాడు.

కోసి చూస్తే లోపల గీతలు, గీతల పక్కన గీతలు.
కొంతదూరం కిక్కిరిసి, తర్వాత ఎడం ఎడంగా.
అన్నిటికీ మొదట్లో ఒక గుంట,
ఆవగింజలో సగం, నిండా తెల్లటి బూడిద.
ఫిట్టింగ్ వెనక. గుడ్డ వెళ్లని చోట.

కుడబే "ఎక్కడ?" అన్నాడు.
చూపించాను. చూపించకుండా ఉండాల్సిందేమో.
గుంటని కాదు, చాలాసేపు తన వేళ్లని చూసుకున్నాడు.

మర్నాడు గొట్టం చివర వంచిన రాగి పైపు బిగించుకొచ్చాడు,
రాత్రంతా కూర్చుని చేశాడట, కొంగ మెడలా ఉంది.
రాగి వద్దన్నాను. అల్యూమినియానికీ దానికీ పడదు,
మధ్యలో ఉప్పునీళ్లుంటే మరీ.
"మా వదిన ఇంట్లో ఉన్నట్టా?" అని నవ్వి
ప్లాస్టిక్ ముక్క వెతకడానికి వెళ్లాడు.

ఇప్పుడు కొత్త స్ట్రట్ వెనక నుంచి నీళ్లు కారుతున్నాయి.
అతను ఒక చుక్క వేలితో పట్టి నాలుక మీద వేసుకుంటాడు,
తల అడ్డంగా ఊపుతాడు,
మళ్లీ కొడతాడు.
చీకటి పడింది. నేను టార్చి పట్టుకుని నిలబడ్డాను.
ఇంకా ఉప్పగానే ఉందట.